తెర వెనక కరకర

కన్నారావు మెడలో వేలాడే గిటారు నుంచి ఒక నల్ల వైరు కిందికి దిగేది. స్టేజీ ముందు కూర్చున్నవాళ్లకి అది అతని కాళ్ల పక్కగా పాకి, వెనక తెర కిందికి దూరినట్టు కనిపించేది. తెర అవతల దాని రెండో కొస ఏ పెట్టెలోకీ వెళ్లేది కాదు. ఒక మడత కుర్చీ కాలికి రెండు చుట్లు చుట్టి ముడివేసి ఉండేది. మోగే గిటారు ఆ కుర్చీలో కూర్చున్న సత్యవేణి ఒళ్లో ఉండేది.

1993 నుంచి 1997 దాకా బిస్సమ్ కటక్‌లో, రాయగడలో, గుణుపురంలో, ఒకటి రెండుసార్లు జయపురంలో కూడా, కొండగాలి ఆర్కెస్ట్రా ప్రోగ్రాం జరిగిన ప్రతిచోటా ఇదే ఏర్పాటు. పాట మధ్యలో గిటారు ఒక్కసారిగా కరకరమని లేస్తే జనం ఈలలు వేసేవారు. కన్నారావు తల విదిలించి, నడుం వంచి, మోగని తీగల మీద చెయ్యి ఆడించేవాడు. అనౌన్సరు ఒడియాలో "గిటార్‌రే... కన్నారావు" అని, అంటే గిటారు మీద కన్నారావు అని, సాగదీసేవాడు. చప్పట్లు మోగేవి. తెర వెనక ఆ చప్పట్లు వింటూ సత్యవేణి తర్వాతి పాటకి శ్రుతి సరిచూసుకునేది. ఆ చప్పట్లు మనవే. ఆ పండగల్లో కుర్చీలు లాక్కుని ముందు వరసలో కూర్చున్నది మనమే. కన్నారావు చెయ్యి పైకి లేచినప్పుడు కూడా గిటారు మోగుతోందని మనలో ఒక్కరూ గమనించలేదు. గమనించినవాళ్లు ఉంటే అడగలేదు.

తెర ఆలోచన కన్నారావుది. అతను సత్యవేణి భర్త జగ్గారావుకి మేనమామ కొడుకు, ఆర్కెస్ట్రా యజమాని. జగ్గారావుది బిస్సమ్ కటక్ సంతవీధిలో కిరాణా కొట్టు. కొట్టుకి ఒక పక్క పప్పులూ ఉప్పులూ, రెండో పక్క అద్దెకిచ్చే మైకు సెట్లు. ఆర్కెస్ట్రాకి మైకులు ఆ కొట్టు నుంచే వెళ్లేవి. ఒక సాయంత్రం మైకుల కోసం వచ్చిన కన్నారావు, లోపలి గదిలో సత్యవేణి వాయిస్తున్నది విని గుమ్మంలోనే నిలబడిపోయాడు. ఈమె మా ఆర్కెస్ట్రాకి కావాలి అన్నాడు. అత్తగారు బుల్లమ్మ ఒప్పుకోలేదు.

"మనింటి కోడలు స్టేజీ ఎక్కి నిలబడితే, రేపు కొట్లో పప్పు కొలిసినప్పుడు జనం పప్పు సూస్తారా, దీన్ని సూస్తారా?"

కన్నారావు నవ్వి, "జనానికి కావాల్సింది సప్పుడే గదత్తా, మొకంతో పనేటి? తెరెనక కూకుని వాయిస్తాది. ముందర నానుంటాను" అన్నాడు.

తెర ఉంటే సరేనంది బుల్లమ్మ. గిటారు ముట్టుకోనిస్తున్నారు, అంతే చాలనుకుంది సత్యవేణి. మన ఇళ్లన్నీ ఆడవాళ్లు లోపల అనుకునే ఈ 'అంతే చాలు' మీదే నడుస్తున్నాయి.

ఆమె పుట్టింది రాయగడలో. తండ్రి సోమేశ్వరరావుకి అక్కడ రేడియో మరమ్మతుల కొట్టు ఉండేది. బడి నుంచి వచ్చిన కూతురికి ఆయన ముందు సీసం కరిగించడం నేర్పాడు, తర్వాత రేడియో లోపల బల్బులా వెలిగే వాల్వు కాలిపోతే వాసనతో పట్టుకోవడం నేర్పాడు. ఆ వీధిలోనే ఒక ఒడియా మాస్టారు తన అరుగు మీద ఆడపిల్లలకి హవాయి గిటారు చెప్పేవారు. గిటారును ఒళ్లో పడుకోబెట్టి తీగల మీద ఇనుప కడ్డీ జరిపి వాయించే పద్ధతి అది. మెడకి తగిలించుకుని వేళ్లతో నొక్కే గిటారు ఆమె తర్వాత తనకు తానే నేర్చుకుంది. 1989లో పెళ్లయి బిస్సమ్ కటక్ వచ్చేటప్పుడు తండ్రి కొట్లో ఎవరికీ అక్కర్లేక మూలపడి ఉన్న ఒక ఐదు వాల్వుల చెక్క రేడియో అడిగి తెచ్చుకుంది. అప్పటికే అందరి చేతుల్లోకీ ట్రాన్సిస్టర్లు వచ్చేశాయి. బియ్యం బస్తాల వెనక ఒక బల్ల వేయించుకుని భర్త మైకు సెట్లు బాగుచేసేది. సెట్లు బాగయ్యాయని ఊరంతా జగ్గారావుని మెచ్చుకునేది.

1992 వానాకాలంలో కాగితం మిల్లు కాలనీ నుంచి ఒక ఇంజనీరు గారి టేపురికార్డరు మరమ్మతుకి వచ్చింది. లోపల ఒక కేసెట్ ఇరుక్కుపోయి ఉంది. దాని మీద పేరు లేదు, ఊరు లేదు. బెల్టు మార్చి, ఆడుతోందో లేదోనని మీట నొక్కింది. ఎవరో నిద్రమత్తులో ఉన్నట్టు సన్నగా పాడుతున్నాడు. వెనక గిటారు ఒక్కొక్క తీగే, చూరు నుంచి చినుకులు జారినట్టు. అంతలో ఆ గిటారే విరిగింది. విరిగిందంటే పాడైపోలేదు. పాట నడుస్తూనే ఉంది, శ్రుతి చెక్కుచెదరలేదు, కానీ ప్రతి దెబ్బకీ ఆ మోత అంచులు పెళుసుగా తెగి పడుతున్నాయి. మళ్లీ మెత్తబడింది. మళ్లీ విరిగింది.

బుల్లమ్మ వంటింట్లోంచి, "అదేటమ్మి, జంతిక నమిలినట్టుంది?" అంది.

అంతకంటే బాగా ఆ మోతను ఎవరూ వర్ణించలేరని సత్యవేణి ఇప్పటికీ అంటుంది. సెట్టు తిరిగి ఇచ్చేలోగా ఆ పాటను వేరే కేసెట్‌లోకి ఎక్కించుకుంది. ఇంజనీరు గారికి బదిలీ అయింది. పాడినవాళ్లు ఎవరో ఆమెకు ఈ రోజుకీ తెలియదు. అలాంటి పాటల్ని ఆల్టర్నేటివ్ రాక్ అంటారనీ, ఆ మోతను క్రంచ్ అంటారనీ చాలా ఏళ్ల తర్వాత కూతురు నాగశ్రీ చెప్పింది. అప్పటిదాకా ఆమెకు అది జంతిక సౌండే.

ఆ మోత తన చేతి నుంచి రావాలి. దాదాపు ఏడాది ఆ పట్టుదలకే సరిపోయింది.

మొదట గిటారును మైకు యాంప్లిఫయరుకి కలిపింది. కొమ్ము స్పీకరు నుంచి గంట కొట్టినట్టు శుభ్రంగా వచ్చింది. మీట చివరిదాకా తిప్పితే గరగరమని గుడ్డ చించినట్టు అరిచింది, లోపల స్వరం ఏమిటో తెలియలేదు. ఒక స్పీకరు కాగితానికి బ్లేడుతో గంట్లు పెట్టి చూసింది. అది జలుబు చేసిన మనిషిలా పలికింది. చివరికి తండ్రి రేడియో దించింది. పాత రేడియోల వెనక గ్రామఫోను తగిలించడానికి రెండు చిల్లులు ఉండేవి. గిటారును అక్కడ పెట్టింది. గిటారు సత్తువ చాలక సన్నగా గొణిగింది. అప్పుడు ఖాళీ పౌడరు డబ్బాలో ఒకే ఒక్క ట్రాన్సిస్టరుతో చిన్న సర్క్యూటు కట్టి మధ్యలో పెట్టింది. గొణుగుడు కాస్తా మాటయింది.

అక్కడి నుంచి అంతా చేతి పని. ఐదారు తీగలు ఒకేసారి మీటితే మోత ముద్దయిపోతుంది, రెండు మూడు తీగలు చాలు. గిటారు మీది మీటను నిండా తిప్పకుండా కొంచెం వెనక్కి ఆపాలి. సబ్బుపెట్టె మూత కోసి చేసుకున్న ముక్కతో మెల్లగా మీటితే శుభ్రంగా, విసిరి మీటితే విరిగి పలకాలి. రేడియో ముందు పెట్టిన మైకు స్పీకరు నడిమధ్యకి చూడకూడదు, పక్కకి తిరిగి అంచును చూడాలి. నూనె ఎక్కువ కాగితే జంతిక మాడుతుంది, చాలకపోతే మెత్తగా సాగుతుంది. ఆ రెంటికీ మధ్య చోటు కోసం ఆమె ప్రతి సాయంత్రం వెతికేది. పగలు బేరాలున్నప్పుడు ఈ మోతలు వద్దని బుల్లమ్మ గట్టిగా చెప్పింది కనుక గిటారు పని దీపాలు పెట్టాకే.

1993 ఉగాది వెళ్లిన వారంలో, ఒక సాయంత్రం, వచ్చింది. జగ్గారావు బేరం వదిలేసి లోపలికి వచ్చి గోడకి ఆనుకుని విన్నాడు. అతనికి సంగీతం తెలియదు. "మళ్లీ ఒకపాలి" అన్నాడు. అంతే.

ఇప్పుడు మన ఊళ్ల కరెంటు సంగతి చెప్పాలి. కరెంటు పుట్టేది మన కొండల నీళ్లతోనే. నిండుగా వెలిగేది మాత్రం దూరపు పట్నాల్లో. మన వీధి చివరకి వచ్చేసరికి, ముఖ్యంగా దీపాలు పెట్టే వేళకి, బల్బులో తీగ గురివింద గింజంత ఎర్రగా మిగిలేది. ట్యూబులైటు వెలగడానికి బతిమాలించుకునేది. టీవీలో బొమ్మ నాలుగు పక్కలా కుంచించుకుపోయేది. అందుకే కాస్త కలిగిన ప్రతి ఇంట్లో దేవుడి పటం తర్వాత గౌరవం, తగ్గిన కరెంటును నిండుగా చేసి ఇచ్చే స్టెబిలైజరుదే. దాని మీద గుడ్డ కప్పేవారు. అది టక్కుమంటే ఇంటిల్లిపాదీ తల తిప్పి చూసేవారు.

ఆర్కెస్ట్రాకీ ఒక స్టెబిలైజరు ఉండేది. అది కీబోర్డుకి, గాయకుల మైకులకి. సత్యవేణి తన రేడియోకీ ఒక ప్లగ్గు అడిగితే కన్నారావు కొట్టిపారేశాడు.

"నీదేటమ్మి, పాత సెక్క పెట్టె. దానికేటవుతాది? పందిరి వైరుకి తగిలించుకో."

ఐదేళ్లూ ఆమె పందిరి వైరుకే తగిలించుకుంది. బల్బులు కునికిపాట్లు పడే ఆ బలహీనమైన కరెంటే ఆమె వంతు. దానితోనే జనం చేత ఈలలు వేయించింది. సంతల్లో 'జంతికల గిటారు వచ్చిందా' అని అడిగి మరీ ప్రోగ్రాముకి వచ్చేవారట.

1997లో విశాఖపట్నం నుంచి ఒక కేసెట్ల వ్యాపారి రాయగడ వచ్చి చైత్ర పండగలో ఆర్కెస్ట్రా విన్నాడు. ఎనిమిది పాటలతో ఒక కేసెట్ వేద్దామన్నాడు. ఆ గిటారు మోత మాత్రం తప్పకుండా ఉండాలన్నాడు. కన్నారావు జగ్గారావు ఇంటికి వచ్చి, కొంచెం తలవంచుకుని, సత్యవేణితో ఆ సంగతి చెప్పాడు. స్టూడియోలో జనం ఉండరు, తెర అక్కర్లేదు. బుల్లమ్మ కూడా సరేనంది.

సత్యవేణి మొదటిసారి ఒక కోరిక కోరింది. కేసెట్ డబ్బాలో మడతపెట్టి ఉండే అట్ట మీద చిన్న అక్షరాలతో వాయించినవాళ్ల పేర్లు వేస్తారు కదా, అక్కడ తన పేరు ఉండాలి.

"అన్నియ్యా, స్టేజీ మీద మీరే ఉండండి. అట్ట మీద మాత్రం నా పేరుండాల."

కన్నారావు మాటిచ్చాడు. అక్షరం తప్పు పడకూడదని ఆమె ఒక కాగితం మీద తన చేత్తో రాసి ఇచ్చింది: గిటారు – జె. సత్యవేణి. అతను దాన్ని జేబులో పెట్టుకున్నాడు.

రేడియోను సబ్బుల పెట్టెలో పాత దుప్పటి మధ్య సర్ది, రైల్లో ఒళ్లో పెట్టుకుని విశాఖపట్నం తీసుకెళ్లింది. జగ్గారావు చేతిలో మరో బరువు. కొట్లో ఉన్నవాటిలో అన్నిటికంటే పెద్ద స్టెబిలైజరు. ఐదేళ్లు తన భార్య పెట్టెకి ఒక్క ప్లగ్గు ఇప్పించలేకపోయానన్నది అతని మనసులో ఉంది.

స్టూడియోలో ఉదయం పదింటికి అతనే వంగి రేడియోను స్టెబిలైజరుకి తగిలించాడు. "ఇన్నాళ్లూ ఆల సామాన్లకి పెట్టేను. ఇయ్యాల నీకు" అన్నాడు. స్టెబిలైజరు మీది ముల్లు నిటారుగా రెండువందల ముప్ఫై వోల్టుల మీద నిలబడింది. ఆమెకి కళ్లలో నీళ్లు తిరిగాయట.

మీటింది. శుభ్రంగా పలికింది.

విసిరి మీటింది. ఇంకా శుభ్రంగా, ఇంకా గట్టిగా పలికింది. పౌడరు డబ్బా మీట తిప్పింది. శుభ్రం కాస్తా ఒక్కసారిగా గరగర అయింది. రెంటికీ మధ్యన ఉండే ఆ చోటే లేదు. మైకు జరిపింది, తీగలు మార్చింది, వాల్వులు ఒక్కొక్కటే తీసి తుడిచి పెట్టింది. అద్దం అవతల రికార్డింగు చేసే ఆయన గడియారం చూసుకున్నాడు. పన్నెండు దాటాక తలుపు తీసి, "అమ్మా, మీ ఊళ్లో పందిట్లోకి ఇది సరిపోతుందేమో గానీ, ఇక్కడ కుదరదు" అన్నాడు. ఆయన చెడ్డవాడు కాదు. ఆయనకి అక్కడ కనిపించింది సబ్బుల పెట్టెలో వచ్చిన ఒక ముసలి రేడియో, చెమటలు పట్టిన ఒక ఆడమనిషి.

మధ్యాహ్నానికి పట్నంలోనే ఒక గిటారు కుర్రవాణ్ని పిలిపించారు. అతని కాలికింద ఇనప డబ్బీ, నొక్కితే మోత. జంతిక కాదు, ఏదో గట్టి మోత. వ్యాపారికి అదే చాలింది.

ఆ రోజు జరిగిన నష్టం కేసెట్‌ది కాదు. తిరుగు రైల్లో కూర్చున్న సత్యవేణికి ఒక సంగతి స్థిరపడిపోయింది. తెర ఉంటేనే తను వాయించగలదు. నలుగురి ముందు, నిండు గౌరవంతో, మంచి కరెంటు ఇచ్చి వాయించమంటే తన చెయ్యి పలకదు. తనని తెర వెనక కూర్చోబెట్టినవాళ్లే సరిగ్గా అంచనా వేశారు. ఐదేళ్ల అన్యాయాన్ని ఒక్క ఉదయం న్యాయంగా మార్చిపెట్టింది.

ఇంటికి వచ్చాక ఒక్క సాయంత్రం, ఒకే ఒక్క సాయంత్రం, ఆ రేడియోకి స్విచ్చి వేసి ఉంటే చాలు. వేయలేదు. దుప్పటి కూడా విప్పలేదు. మూడో రోజు పాత ఇనుము కొనేవాడి బండి వీధిలోకి వస్తే తనే ఎత్తి బండిలో పెట్టింది. జగ్గారావు కొట్లోంచి చూశాడు, దిగి రాలేదు. ప్రోగ్రాముల్లో అతను రికార్డు చేసి దాచిన రెండు కేసెట్ల మీద ఆమె బుల్లమ్మ కోసం భజనలు ఎక్కించేసింది. గిటారు అటక మీదికి వెళ్లింది.

కేసెట్ అచ్చయి వచ్చింది. అట్ట మీద 'గిటారు – కన్నారావు' అని ఉంది. వాయించిన పట్నం కుర్రవాడి పేరూ లేదు. సత్యవేణి దాన్ని చదివి, మళ్లీ మడతపెట్టి, డబ్బాలో పెట్టేసింది. అడగడానికి తనకేం హక్కుందనుకుంది.

మరమ్మతులు మానలేదు. వీధిలోకి కొత్త కరెంటు లైను వచ్చింది. సాయంత్రాలు కూడా బల్బులు తెల్లగా వెలగడం మొదలైంది. స్టెబిలైజర్ల మీది గుడ్డలు దుమ్ముపట్టాయి. బుల్లమ్మ కాలం చేసింది. జగ్గారావు నాటకాలకి, పెళ్లిళ్లకి లైట్లు కూడా అద్దెకివ్వసాగాడు. స్టేజీ మీద వెలుగు మెల్లగా తగ్గించడానికి ఒక పాత డిమ్మరు కొన్నాడు. గుండ్రటి పిడి తిప్పితే కరెంటు సున్నా నుంచి రెండువందల ముప్ఫై దాకా ఎంత కావాలంటే అంత ఇచ్చే బరువైన ఇనప పెట్టె అది.

2005 దసరా సెలవుల్లో, ఒక మధ్యాహ్నం, హైస్కూలు నుంచి వాల్వులతో పనిచేసే పాత మైకు యాంప్లిఫయరు మరమ్మతుకి వచ్చింది. ఏళ్ల తరబడి మూలపడి ఉన్న సెట్టుకి ఒక్కసారిగా నిండు కరెంటు ఇస్తే లోపల కండెన్సర్లు పేలతాయి. తండ్రి చెప్పిన జాగ్రత్త అది. అందుకని సత్యవేణి దాన్ని డిమ్మరుకి తగిలించి పిడిని కొంచెం కొంచెంగా తిప్పుతోంది. మోగుతోందో లేదో చూడటానికి ఏదైనా కలపాలి. మైకులన్నీ పందిళ్లకి వెళ్లాయి. పదమూడేళ్ల నాగశ్రీ అటక ఎక్కి గిటారు దించింది, దుమ్ము తుడిచి, వైరు తగిలించి, ఊరికే చేత్తో ఒక దెబ్బ వేసింది.

కరకర.

సత్యవేణి చెయ్యి పిడి మీదే ఆగింది. ముల్లు నూట డెబ్బై మీద ఉంది. కూతుర్ని మళ్లీ మీటమంది. కరకర. పిడిని రెండువందల ముప్ఫైకి తిప్పి, ఇప్పుడు మీటు అంది. శుభ్రంగా పలికింది. మళ్లీ నూట డెబ్బై. కరకర. మూడుసార్లు అలా చూసింది. తర్వాత బస్తా మీద కూర్చుండిపోయింది.

వాల్వులకి నిండు కరెంటు అందితే అవి ఓపికగా, శుభ్రంగా పలుకుతాయి. సగం ఆకలితో ఉంటే కొంచెం గట్టిగా అడిగేసరికి విరుగుతాయి. ఆమె అన్ని నెలలు వెతికి పట్టుకున్న చోటు ఆ ఆకలిలో ఉంది. కన్నారావు స్టెబిలైజరు ఇవ్వకపోబట్టి ఆ మోత ఐదేళ్లు బతికింది. ప్రేమకొద్దీ భర్త మోసుకొచ్చిన స్టెబిలైజరు దాన్ని ఒక్క ఉదయంలో చంపింది. లో వోల్టేజీలో పుట్టి పెరిగినవాళ్లకి స్టెబిలైజరు తప్పు చేస్తుందన్న ఆలోచన వస్తుందా? ఏ పట్నంవాడూ దాన్ని మోసుకుని స్టూడియోకి వెళ్లడు. అసలు పట్నంలో అది లేకపోయినా నిండు కరెంటే. కానీ ముల్లు అంత నిటారుగా నిలబడింది కనుకే వీళ్లకి కరెంటు మీద అనుమానం రాలేదు. అనుమానమంతా ఆమె చేతి మీదికి పోయింది.

జగ్గారావు గుమ్మంలో నిలబడి అంతా చూశాడు. "అయితే నానేనేటి పాడు సేసేను?" అన్నాడు.

"మీరు కాదు. నాను ఒక్కపాలి స్విచ్చి ఎయ్యనేదు" అంది సత్యవేణి. తర్వాత "నా సెయ్యి మంచిదే" అంది. ఎనిమిదేళ్ల తర్వాత.

మర్నాడు పొద్దున్నే జగ్గారావు ఆ పాత స్టెబిలైజరును కొట్టు బయటకి తెచ్చి, మూత విప్పి, రాగి తీగంతా లాగి పడేశాడు.

2006లో కన్నారావు ఆ కేసెట్‌లోని పాత పాటలు సీడీగా వేస్తున్నాడని తెలిసి ఆమె రాయగడ వెళ్లింది. అప్పటికి ఆర్కెస్ట్రా లేదు. పండగలకి డీజే పెట్టెలు వచ్చేశాయి, గాయకులు కూడా రెడీమేడు ట్రాకుల మీద పాడుతున్నారు. కన్నారావు బస్టాండు దగ్గర సెల్‌ఫోన్ల కొట్టు పెట్టుకున్నాడు. వోల్టేజీ సంగతంతా విన్నాడు.

"సీడీ అట్ట మీదయినా నా పేరు ఎయ్యండి అన్నియ్యా."

"ఎయ్యాలనే ఉంది సెల్లెమ్మా. కానీ ఆ పాటల్లో నీ గిటారు నేదు గదా. నీ గిటారు ఉన్న స్టేజీల మీద నీ పేరు సెప్పనేదు, ఇప్పుడు అది నేని పాటల మీద ఎలగ ఎయ్యమంటావు?"

అతను చెప్పింది నిజం. సొరుగులోంచి ఒక కాగితం తీసి ఆమె చేతిలో పెట్టాడు. మడతల దగ్గర చిరిగిపోతున్న ఆ కాగితం మీద ఆమె చేతిరాత, గిటారు – జె. సత్యవేణి. తొమ్మిదేళ్లు దాన్ని పారేయలేకపోయాడు. అలాగని ఎవరికీ చూపించనూ లేకపోయాడు. "స్టేజీ ఉంటే ఈపాలి తెర నేకుండా కూకోబెడుదును" అన్నాడు. స్టేజీ లేదు. తెర తీస్తానన్న మాట మనవాళ్ల నోట ఎప్పుడూ స్టేజీ పోయాకే వస్తుంది.

ఇప్పుడు 2009. సత్యవేణి సంతవీధిలోనే ఉంది, మిక్సీలూ ఫ్యాన్లూ బాగుచేస్తోంది. స్కూలు వాళ్లు ఆ యాంప్లిఫయరు తీసుకుపోయారు. వాల్వులు ఇక దొరకవు. పాత పాటలు రెండు కూతురికి నేర్పింది. తనని వాయించమంటే వేళ్లు బిగుసుకుపోయాయంటుంది. తన ఐదేళ్ల మోతకి తన దగ్గర ఒక్క ఆధారం లేదు. ఉన్న రెండు కేసెట్లూ తన చేత్తోనే చెరిపేసుకుంది.

కానీ మీ దగ్గర ఉండొచ్చు. ఆ రోజుల్లో ప్రోగ్రాం జరుగుతుంటే స్పీకరు పక్కన టేపురికార్డరు పెట్టి పాటలు పట్టుకున్నవాళ్లు ప్రతి ఊళ్లో ఉండేవారు. రాయగడ, గుణుపురం, బిస్సమ్ కటక్, జయపురం, కొరాపుట్ వాళ్లకి ఈ విన్నపం. అటకల మీది సామాన్లు దించండి. పాత కేసెట్ల డబ్బా తెరవండి. 1993కీ 97కీ మధ్య వినాయక చవితి, దసరా, చైత్ర పండగ ప్రోగ్రాములవి ఉంటే ఓపికగా వినండి. గుర్తు చెబుతాను. పాట మధ్యలో గాయకుడి మైకు పక్క నుంచి స్టెబిలైజరు టక్కుమన్న చప్పుడు వినిపిస్తుంది. కరెంటు పడిందన్నమాట. ఆ వెంటనే గిటారు విరుగుతుంది. అది విన్నవాళ్లు ఒక కాపీ తీసి సంతవీధిలో జగ్గారావు మైకు సెట్ల కొట్టుకి పంపండి. వచ్చే దసరాకి పందిళ్లు వేసే కమిటీలకి ఇంకో మాట. మీ స్టేజీ వెనక ఎవరు కూర్చున్నారో ఒక్కసారి వెళ్లి చూడండి, చూసి వాళ్ల పేరు మైకులో చెప్పండి.

కేసెట్ దొరికితే పంపే ముందు ఒక పని చేయండి. దాని మీద ఇప్పటికే కన్నారావు పేరు రాసి ఉంటే కొట్టేయండి. పెన్ను తీసుకుని, అక్షరం తప్పు పోకుండా, ఇలా రాయండి.

గిటారు – జె. సత్యవేణి.